మార్పులు చేసిన పాత కారులో బ్రేక్ సమస్య: అసలు కారణం పట్టుకోవడం ఎలా?

పాత కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటే, బ్రేక్ సమస్యకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఏదో అరిగింది, కారింది, లేదా తుప్పు పట్టింది. ఆ భాగం మారిస్తే పని అయిపోతుంది. మార్పులు చేసిన కారు సంగతి అలా కాదు. ముందు చక్రాలకు వేరే కారు కాలిపర్లు (డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కి పట్టేవి), వెనక అసలు డ్రమ్ములు (లోపలి షూలు రాసుకుని ఆపే గిన్నెలు), మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) ఇంకో మోడల్‌ది, బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో పాదం బలాన్ని పెంచేది) ఏదో కిట్‌లో వచ్చినది, పైగా ఇంజిన్ కూడా మారింది. విడివిడిగా చూస్తే అన్నీ కొత్తవే, అన్నీ బాగానే ఉన్నాయి. బండి మాత్రం సరిగా ఆగదు, ఎందుకంటే అవి ఒకదానికొకటి కుదరలేదు.

అందుకే ఇలాంటి కారులో పార్టులు మారుస్తూ పోతే సమస్య దొరకదు. డబ్బూ పోతుంది, వారాలూ పోతాయి. ముందు లోపం ఏ భాగం దగ్గర ఉందో వేరు చేయాలి, తర్వాతే స్పానర్ పట్టుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ వేరు చేసే పని గురించే.

మొదలుపెట్టే ముందు

బ్రేకుల మీద అనుమానం ఉన్న కారును రోడ్డెక్కించకండి. చదునైన నేల మీద ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపాక తప్పనిసరిగా స్టాండ్లు వేయండి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరవద్దు. కళ్ళద్దాలు పెట్టుకోండి. బ్రేక్ ఆయిల్ కంట్లో పడితే చాలా ప్రమాదం, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. పక్కన నీళ్ళ బకెట్ ఉంచుకుని, ఒలికిన వెంటనే కడిగేయండి.

ఇంకో ముఖ్యమైన మాట. పాత డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలి పెట్టి ఊదకండి, పొడి బ్రష్‌తో దులపకండి. పాత లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో కట్టి పడేయండి. మాస్క్ కూడా వేసుకోండి.

1. కారు మీద ఏముందో కాగితం మీద రాయండి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ సగం సమస్యలు ఇక్కడే బయటపడతాయి. ఈ వివరాలు కావాలి: మాస్టర్ సిలిండర్ బోర్, అంటే లోపలి రంధ్రం వ్యాసం, ఎంత (చాలాసార్లు దాని ఒంటి మీదే చెక్కి ఉంటుంది), అది డిస్క్ బ్రేకులకు చేసిందా డ్రమ్ములకు చేసిందా, అది ఇంజిన్ గదిలో పైన ఉందా లేక ఫ్లోర్ కింద ఛాసిస్‌కు ఉందా, ముందు కాలిపర్లలో పిస్టన్ల వ్యాసం, వెనక వీల్ సిలిండర్ల (డ్రమ్ము లోపల షూలను నెట్టేవి) వ్యాసం, పైపు దారిలో ఎన్ని వాల్వులు ఉన్నాయి, ఏవి ఎక్కడ ఉన్నాయి, ఆయిల్ ఏ రకం, టైర్ల సైజులు.

పెడల్ నిష్పత్తి కూడా కొలవండి. పెడల్ పైన తిరిగే ఇరుసు నుంచి పాదం పెట్టే చోటు మధ్య వరకు ఎంత దూరమో, అదే ఇరుసు నుంచి పుష్ రాడ్ (పెడల్ బలాన్ని సిలిండర్ వైపు నెట్టే కడ్డీ) తగిలించిన చోటు వరకు ఎంత దూరమో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 300 మి.మీ., 50 మి.మీ. వస్తే నిష్పత్తి 6. బూస్టర్ లేని కారుకు 6 దగ్గర ఉండాలి. బూస్టర్ ఉన్నదానికి 4 దగ్గర ఉంటే చాలు.

ఈ రెండు అంకెలు తెలిస్తే లెక్క వేయవచ్చు. గట్టిగా తొక్కితే పాదం బలం 40 కిలోలు అనుకుందాం. నిష్పత్తి 6 అయితే పుష్ రాడ్ మీద 240 కిలోలు పడుతుంది. 1 అంగుళం బోర్ వైశాల్యం సుమారు 5.07 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి పైపులో ఒత్తిడి సుమారు 670 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అదే పాదానికి 7/8 అంగుళం బోర్ పెడితే 880 పీఎస్ఐ వస్తుంది. 1-1/8 అంగుళం పెడితే 530కి పడిపోతుంది. డిస్క్ బ్రేకులు గట్టిగా పట్టాలంటే సాధారణంగా 900 నుంచి 1200 పీఎస్ఐ వరకు కావాలి. బూస్టర్ తీసేసి, దానితో వచ్చిన పెద్ద మాస్టర్ సిలిండర్‌ను అలాగే ఉంచేసిన కారు ఎందుకు ఆగదో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. అలాంటి కారులో పెడల్ రాయిలా ఉంటుంది. యజమాని ప్యాడ్లు మారుస్తాడు, డిస్కులు మారుస్తాడు. లోపం వాటిలో లేదు.

చిన్న బోర్‌లో ఒత్తిడి ఎక్కువ కదా అని అందరూ దానివైపే వెళ్ళిపోకూడదు. 1 అంగుళం నుంచి 7/8కి మారితే అదే ఆయిల్‌ను నెట్టడానికి పెడల్ దాదాపు మూడో వంతు ఎక్కువ దూరం వెళ్ళాలి. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే పెడల్ ఫ్లోర్‌ను తాకే ప్రమాదం ఉంది. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది, రెండూ ఒకేసారి రావు.

2. పెడల్ ఎలా ఉందో గమనించండి

బ్రేక్ బాగాలేదు అన్న మాట సరిపోదు. ఎలా బాగాలేదో చెప్పగలగాలి. ఇంజిన్ ఆపి, నెమ్మదిగా తొక్కి, పాదానికి ఏం తెలుస్తోందో చూడండి.

మెత్తగా, స్పాంజ్‌లా ఉండి, రెండు మూడుసార్లు పంపు చేస్తే గట్టిపడితే లోపల గాలి ఉంది. గట్టిగానే ఉంది కానీ చాలా కిందికి వెళ్తోందంటే అడ్జస్ట్‌మెంట్, ఖాళీలు, లేదా సైజులు కుదరకపోవడం. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ ఒత్తిడి నిలపడం లేదు. రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే బూస్టర్, పెడల్ నిష్పత్తి, బోర్, ప్యాడ్ రకం, వీటిలో ఒకటి. బాగానే ఉన్న పెడల్ మలుపు తిరిగాక, లేదా గతుకుల రోడ్డు దాటాక మాత్రమే మొదటిసారి కిందికి వెళ్ళి, రెండోసారి తొక్కితే మామూలుగా ఉంటే, అది వేరే జబ్బు, దాని గురించి తర్వాత చెబుతాను.

మెత్తగా ఉండటం, కిందికి వెళ్ళడం ఒకటే అనుకోవడం వల్ల చాలామంది లేని గాలిని తీస్తూ సీసాల కొద్దీ ఆయిల్ వృథా చేస్తారు. ఈ రెంటినీ వేరు చేయడానికి తేలికైన పరీక్ష ఉంది. వెనక డ్రమ్ములు ఉంటే హ్యాండ్ బ్రేక్ కొంచెం లాగి మళ్ళీ పెడల్ తొక్కండి. ఇప్పుడు పెడల్ పైనే గట్టిగా నిలబడితే గాలి లేదు. వెనక షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయి, అడ్జస్ట్ చేయాలి.

3. మాస్టర్ సిలిండర్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరు చేయండి

మాస్టర్ సిలిండర్ నుంచి బయటికి వెళ్ళే పైపులు విప్పి, ఆ రంధ్రాలకు సరైన థ్రెడ్ ఉన్న ప్లగ్గులు బిగించండి. లోపల గాలి లేకుండా చూసుకోండి. ఇప్పుడు పెడల్ తొక్కితే ఒకటి రెండు సెంటీమీటర్ల లోపే గట్టిగా ఆగిపోవాలి, పట్టుకున్నా జారకూడదు. అలా ఉంటే మాస్టర్ సిలిండర్ బాగుంది, దాన్ని ఇక ముట్టుకోవద్దు. జారితే లోపలి సీల్ పోయినట్టే. బయట ఒక్క చుక్క కూడా కనిపించకుండా ఆయిల్ తగ్గుతుంటే, మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్ నుంచి కొంచెం ముందుకు లాగి వెనక చూడండి. వెనక సీల్ నుంచి కారిన ఆయిల్ బూస్టర్ లోపలికి పోతుంటుంది.

మాస్టర్ బాగుందని తేలితే పైపులు మళ్ళీ కలిపి, ఒక్కో చక్రాన్ని వేరు చేయండి. రబ్బరు హోస్ పైపులైతే వాటి కోసమే చేసిన నున్నటి క్లాంపుతో ఒక్కొక్కటి నొక్కుతూ పెడల్ చూడండి. ఏ హోస్ నొక్కగానే పెడల్ గట్టిపడిందో ఆ చక్రం దగ్గర లోపం ఉంది. స్టీలు అల్లిక ఉన్న హోస్‌లను మాత్రం ఎప్పుడూ నొక్కకండి, లోపలి గొట్టం నలిగిపోతుంది. పాతబడి పగుళ్ళు కనిపిస్తున్న రబ్బరు హోస్‌లనైతే పరీక్షించే పని లేదు, నేరుగా మార్చేయడమే.

4. గాలి తీసినా పోకపోతే

గాలి తీయడం అందరికీ తెలిసిన పనే. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వస్తారు. మార్పులు చేసిన కారులో ఎంత తీసినా గాలి పోకపోవడానికి వేరే కారణాలు ఉంటాయి.

అన్నింటికంటే ముందు కాలిపర్ల నిపుల్ (గాలిని బయటికి వదిలే చిన్న మర) ఎక్కడుందో చూడండి. నిపుల్ కాలిపర్‌కు అన్నిటికంటే పైభాగంలో ఉండాలి. గాలి పైకే వెళ్తుంది కాబట్టి నిపుల్ కింద ఉంటే పై భాగంలో బుడగ అలాగే ఉండిపోతుంది. వేరే కారు కాలిపర్లను అడాప్టర్ బ్రాకెట్ మీద బిగించినప్పుడు కుడి ఎడమలు తారుమారైనా, కాలిపర్ చక్రం ముందు వైపు కాకుండా వెనక వైపు వచ్చినా ఇదే జరుగుతుంది. నేను ఒక కారులో రెండు వారాలు స్పాంజ్ పెడల్‌తో తిప్పలు పడ్డాను, మాస్టర్ సిలిండర్ కూడా మార్చేశాను. చివరికి చక్రం విప్పి ప్రశాంతంగా కూర్చుని చూస్తే రెండు నిపుల్స్ నేలవైపు ఉన్నాయి. కాలిపర్లు అటూ ఇటూ మార్చి బిగించాక పది నిమిషాల్లో పెడల్ వచ్చేసింది. మార్చి బిగించడం కుదరకపోతే, గాలి తీసేటప్పుడు మాత్రం కాలిపర్‌ను బ్రాకెట్ నుంచి విప్పి, ప్యాడ్ల మధ్య డిస్క్ మందం ఉన్న చెక్క ముక్క పెట్టి, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని తీయవచ్చు.

రెండోది మాస్టర్ సిలిండర్ వాలు. ముందు భాగం పైకి లేచి ఉంటే ఆ మూలలో గాలి చిక్కుతుంది. కారు వెనక భాగాన్ని లేపి సిలిండర్ సమానంగా వచ్చేలా చేసి మళ్ళీ తీయండి. కొత్త మాస్టర్ సిలిండర్ బిగించే ముందు దాన్ని వైస్‌లో పట్టించి, బయటికి వెళ్ళే రంధ్రాల నుంచి చిన్న గొట్టాలు తిరిగి రిజర్వాయర్‌లోకే పెట్టి, నెమ్మదిగా నొక్కుతూ బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. ఈ పని చేయకపోతే తర్వాత రెట్టింపు సమయం పడుతుంది.

వెనక డిస్కులు పెట్టి, ఆ కాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేక్ ఉండే రకం అయితే, లోపలి స్క్రూ మెకానిజం సరిగా సెట్ కాకపోతే పిస్టన్ చాలా వెనక ఉండిపోతుంది. పెడల్ కిందికి వెళ్తుంది, అందరూ గాలి అనుకుంటారు. ఆ కాలిపర్ తయారీ పద్ధతి ప్రకారం ముందు దాన్ని సెట్ చేయాలి.

పాత మాస్టర్ సిలిండర్‌తో గాలి తీస్తుంటే పెడల్‌ను ఫ్లోర్ దాకా తొక్కవద్దు. రోజూ సీల్ వెళ్ళని చోట బోర్ గరుకుగా ఉంటుంది, అక్కడికి వెళ్తే సీల్ చిరుగుతుంది. పెడల్ కింద చెక్క దిమ్మ పెట్టండి. పైపు దారిలో మీటరింగ్ వాల్వ్ (ముందు డిస్కులకు ఒత్తిడి కాస్త ఆలస్యంగా వెళ్ళేలా చేసేది) ఉండి, మీరు తక్కువ ఒత్తిడి మెషిన్‌తో గాలి తీస్తుంటే దాని పిన్నును పట్టి ఉంచాలి. లేకపోతే ముందు చక్రాలకు ఆయిల్ సరిగా రాదు.

5. బ్రేక్ పట్టేసి వదలకపోతే

మార్పులు చేసిన కార్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే, అందరూ ఎక్కువగా కాలిపర్ మీద నింద వేసేదీ ఇక్కడే. బండి మొదట బాగానే వెళ్తుంది. కొన్ని కిలోమీటర్లు పోయాక బరువుగా అనిపిస్తుంది, పెడల్ పైకి వచ్చేసి గట్టిపడుతుంది, చక్రాల నుంచి వాసన వస్తుంది. కాసేపు ఆపితే మళ్ళీ మామూలైపోతుంది.

బ్రేక్ పట్టేసి ఉన్నప్పుడే, అది చల్లారకముందే ఈ వరుసలో చూడండి. చక్రాన్ని నేల నుంచి లేపి చేత్తో తిప్పుతూ ప్రతి మెట్టులో వదిలిందా లేదా గమనించండి.

మొదట పెడల్ పూర్తిగా పైకి వస్తోందా చూడండి. బ్రేక్ లైట్ స్విచ్ పెడల్‌ను కొంచెం నొక్కి పట్టడం, రిటర్న్ స్ప్రింగ్ లేకపోవడం, కార్పెట్ అడ్డుపడటం, ఇవన్నీ ఉంటాయి. పాదంతో పెడల్‌ను పైకి లేపితే చక్రం వదిలిందంటే కారణం అక్కడే ఉంది.

తర్వాత మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టించిన రెండు నట్లు కొన్ని మరలు వదులు చేసి, సిలిండర్‌ను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు లాగండి. చక్రాలు వదిలితే పుష్ రాడ్ పొడవు ఎక్కువైంది. సిలిండర్ లోపల పిస్టన్ వెనక్కి వచ్చినప్పుడు తెరుచుకునే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, వేడికి వ్యాకోచించిన ఆయిల్ దాని గుండానే రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్ళాలి. పుష్ రాడ్ పిస్టన్‌ను కొంచెం నెట్టి ఉంచితే ఆ రంధ్రం మూసుకుపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతూ బ్రేకులు తమంతట తామే పడతాయి. రాడ్‌కు, పిస్టన్‌కు మధ్య సుమారు అర మిల్లీమీటర్ ఖాళీ ఉండాలి. ఒక కంపెనీ బూస్టర్, ఇంకో కంపెనీ సిలిండర్ కలిపినప్పుడు ఈ ఖాళీ కొలవకుండా బిగించడం వల్లే ఎక్కువ కార్లు ఇలా ఇబ్బంది పడతాయి.

అప్పటికీ వదలకపోతే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టును, చుట్టూ గుడ్డ కప్పి, కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి సిలిండర్ వైపు నుంచి చిక్కుకుంది. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్‌ను డిస్కులకు వాడారేమో చూడండి. అలాంటి సిలిండర్లలో కొన్నిటికి లోపల 10 పీఎస్ఐ నిలిపే వాల్వ్ ఉంటుంది. డ్రమ్ములో స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి కాబట్టి ఆ ఒత్తిడి సమస్య కాదు. డిస్క్‌లో ప్యాడ్లను వెనక్కి లాగే స్ప్రింగు లేదు, సీల్ ఇచ్చే కొద్దిపాటి సాగుదలే ఉంది. అందుకే 10 పీఎస్ఐ ఉంటే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. ఫ్లోర్ కింద సిలిండర్ ఉన్న కార్లలో ఆయిల్ వెనక్కి కారిపోకుండా డిస్కులకు 2 పీఎస్ఐ వాల్వ్ వాడతారు, డ్రమ్ములకు 10. ఈ రెండూ తారుమారైతే ఇదే సమస్య.

అక్కడా వదలకపోతే మధ్యలో ఏదైనా వాల్వ్ ఉంటే దాని అవతల, తర్వాత హోస్‌కు ముందున్న ఇనుప పైపు దగ్గర, చివరికి కాలిపర్ నిపుల్ దగ్గర వదులు చేయండి. ఇనుప పైపు దగ్గర వదలకుండా నిపుల్ దగ్గర వదిలితే హోస్ లోపల రబ్బరు వాచింది. పైకి కొత్తగా కనిపించినా సరే, మార్చాలి. తొక్కేటప్పుడు పాదం బలంతో ఆయిల్ వెళ్తుంది, తిరిగి రావడానికి దారి ఉండదు. నిపుల్ తెరిచినా చక్రం వదలకపోతే అప్పుడు మాత్రమే కాలిపర్ పిస్టన్ లేదా స్లయిడ్ పిన్నులు జామ్ అయ్యాయని చెప్పవచ్చు.

నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టేసి, పైవేవీ కాకపోతే, రిజర్వాయర్ మూత రబ్బరు చూడండి. అది వాచి మెత్తబడి ఉంటే ఆయిల్‌లో ఇంజిన్ ఆయిల్‌గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్‌గానీ కలిసింది. అలాంటప్పుడు సిస్టమ్‌లోని ప్రతి రబ్బరూ పాడైనట్టే. పైపులు కడిగి, సీళ్ళు, హోస్‌లు అన్నీ మార్చాలి. ఇందులో దగ్గరి దారి లేదు.

6. బూస్టర్, వాక్యూమ్

ఇంజిన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి వాక్యూమ్ ఖాళీ చేయండి. పెడల్ గట్టిపడుతుంది. పాదం అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగితే బూస్టర్ సాయం చేస్తోంది. దిగకపోతే బూస్టర్‌కు వెళ్ళే గొట్టం విప్పి వాక్యూమ్ గేజ్ పెట్టండి.

ఐడిల్‌లో 18 అంగుళాల పాదరసం దగ్గర ఉంటే నిశ్చింత. ఇంజిన్‌కు పవర్ కోసం పెద్ద క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచే షాఫ్ట్) వేసి ఉంటే ఇది 10, 12కి పడిపోవడం మామూలు. ఇక్కడ బూస్టర్‌ను ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు పెట్టాలి, లేదా బూస్టర్ తీసేసి పెడల్ నిష్పత్తి, బోర్ రెండూ దానికి తగ్గట్టు మార్చాలి. వాక్యూమ్ నిల్వ చేసే డబ్బా పెడితే వరుసగా తొక్కినప్పుడు ఒకటి రెండుసార్లు అదనంగా సాయం వస్తుంది. అంతేగాని తక్కువ వాక్యూమ్‌ను అది పెంచదు.

ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాల తర్వాత తొక్కినా మొదటి ఒకటి రెండుసార్లు పెడల్ తేలిగ్గా ఉండాలి. లేకపోతే గొట్టంలో ఉన్న చెక్ వాల్వ్ గాలి నిలపడం లేదు. తొక్కినప్పుడు ఇంజిన్ తడబడుతూ బుస్‌మనే శబ్దం నిలకడగా వస్తే బూస్టర్ లోపలి పొర చిరిగింది.

7. ఒక పక్కకు లాగడం, వెనక చక్రాలు జారడం

బ్రేక్ వేస్తే బండి ఏ వైపు లాగుతుందో ఆ వైపు బ్రేక్ బాగా పడుతోందని గుర్తుంచుకోండి. లోపం సాధారణంగా ఎదుటి వైపు ఉంటుంది. రోడ్డు మీద కాకుండా ఖాళీ స్థలంలో కాసేపు నడిపి, రెండు ముందు డిస్కుల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. చల్లగా ఉన్న వైపు పని చేయడం లేదు. ఖాయం చేసుకోవాలంటే నిపుల్ చోట ఒత్తిడి గేజ్ బిగించి, గాలి తీసి, రెండు వైపులా ఒకే రీడింగ్ వస్తోందా చూడండి. ఒకటే వస్తే ఆయిల్ దారి బాగుంది, ప్యాడ్లు, కాలిపర్, లేదా సస్పెన్షన్ బుష్‌లు చూడాలి. వెనక డ్రమ్ము విషయంలో ఒక తేడా ఉంది. నూనె తగిలిన షూ జారిపోవడానికి బదులు ఒక్కోసారి గట్టిగా పట్టేస్తుంది కూడా. లోపల తడి ఉంటే వాసన చూడండి. ఘాటైన గంధకం వాసన వస్తే అది యాక్సిల్ సీల్ నుంచి వచ్చిన గేర్ ఆయిల్, లేకపోతే వీల్ సిలిండర్ నుంచి వచ్చిన బ్రేక్ ఆయిల్.

డ్రమ్ము విప్పినప్పుడే షూలు కూడా చూసేయండి. రెండు షూలు వేర్వేరు పొడవున్న రకం అయితే పొట్టి లైనింగ్ ఉన్నది కారు ముందు వైపుకు రావాలి. ఆటోమేటిక్ అడ్జస్టర్లు కుడి ఎడమలు తారుమారైతే బిగించాల్సింది పోయి వదులు చేస్తూ ఉంటాయి.

గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందుగా లాక్ అవడం అన్నింటికంటే ప్రమాదకరం, బండి గిరగిరా తిరిగిపోతుంది. వెనక డిస్కులు పెట్టినప్పుడు, ముందు టైర్లు వెడల్పు చేసినప్పుడు, ఇంజిన్ మార్చి బరువు అటూ ఇటూ అయినప్పుడు పాత సమతౌల్యం పోతుంది. వెనక పైపులో అడ్జస్ట్ చేసుకునే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టాలి. ముందు పైపులో ఎప్పుడూ పెట్టకూడదు. ఫ్యాక్టరీ కాంబినేషన్ వాల్వ్‌లో (పలు వాల్వులు ఒకేచోట కలిపినది) అలాంటిదే ముందే ఉంటే, రెండూ వరుసగా ఉండకుండా లోపలిది తీసేయాలి. ఈ వాల్వ్ మొదటి నుంచీ ఒత్తిడి తగ్గించదు. ఒక స్థాయి దాటాక వెనక ఒత్తిడి పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి మెల్లగా తొక్కి చూసి సెట్ చేయలేరు. మనుషులు, వాహనాలు లేని విశాలమైన ఖాళీ స్థలంలో, తక్కువ వేగంతో మొదలుపెట్టి, ముందు చక్రాలు వెనకవాటికంటే కొంచెం ముందుగా లాక్ అయ్యేదాకా తిప్పుతూ రావాలి. ఒక మనిషి బయట నిలబడి చూస్తే బాగుంటుంది, కారు లోపల నుంచి ఏ చక్రం ముందు లాక్ అయిందో తెలియదు.

8. పెడల్ వణకడం, మలుపు తర్వాత కిందికి వెళ్ళడం

వణుకు వస్తే డిస్క్ వంగిందని వెంటనే అనేస్తారు. ముందు వీల్ బేరింగ్ వదులు లేకుండా సరిచేయండి, హబ్ మీద తుప్పు గీకేయండి, డిస్క్‌ను అన్ని నట్లతో సమానంగా బిగించి డయల్ గేజ్ (ఊగును కొలిచే సాధనం) పెట్టండి. ఊగు 0.05 మి.మీ. లోపు ఉంటే చాలా మంచిది, 0.1 దాటితే పాదానికి తెలుస్తుంది. డిస్క్‌ను హబ్ మీద ఒక్కో బోల్టు చొప్పున తిప్పి పెట్టి కొలిస్తే, చాలాసార్లు ఏదో ఒక స్థానంలో ఊగు తగ్గిపోతుంది.

మలుపు తర్వాత మొదటి తొక్కుడుకు పెడల్ కిందికి వెళ్ళే జబ్బు ఇక్కడి నుంచే వస్తుంది. బేరింగ్ వదులైతే డిస్క్ అటూ ఇటూ ఊగి ప్యాడ్లను లోపలికి నెడుతుంది. మరుసటి తొక్కుడులో సగం ఆ ఖాళీ పూడ్చడానికే పోతుంది. యాక్సిల్ షాఫ్ట్‌కు పక్కలకు జరిగే ఖాళీ ఉన్న వెనక యాక్సిల్‌కు, రెండు వైపులా పిస్టన్లుండి కదలకుండా బిగించిన కాలిపర్ పెడితే ఇదే జరుగుతుంది. అలాంటి యాక్సిల్‌కు స్లయిడ్ అయ్యే కాలిపరే సరైనది. బ్రాకెట్ మీద కాలిపర్ డిస్క్‌కు సరిగ్గా మధ్యలో ఉందో లేదో కూడా ఫీలర్ గేజ్‌తో (సన్నని ఖాళీలు కొలిచే రేకులు) చూసి, అవసరమైతే షిమ్ములు (ఖాళీ పూడ్చే పలుచని రేకులు) వేయండి.

9. పైపులు, ఫిట్టింగులు, ఆయిల్

అంగుళాల కొలత భాగాలు, మెట్రిక్ భాగాలు కలిసే చోట ఒక్కో జాయింటునూ అనుమానంగా చూడండి. 3/8-24 థ్రెడ్ నట్టు, ఎం10 × 1 రంధ్రంలో తేలిగ్గా ఎక్కిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ థ్రెడ్ పూర్తిగా పట్టదు, గట్టిగా బ్రేక్ వేసిన రోజున ఊడిపోవచ్చు. పైపు చివరను విప్పార్చే ఆకారం కూడా రెండు రకాలు. ఒకటి రెండు మడతలుగా లోపలికి వంచిన 45 డిగ్రీలది, ఇంకొకటి గుండ్రంగా ఉబ్బినది. ఒకదాని సీటు మీద ఇంకొకటి కూర్చోదు, ఎంత బిగించినా చెమటలా ఆయిల్ పడుతూనే ఉంటుంది. ఉత్త రాగి పైపు, నీళ్ళ పైపులకు వాడే కంప్రెషన్ ఫిట్టింగులు బ్రేకులకు ఎప్పుడూ వాడకూడదు. రాగి, నికెల్ కలిపిన పైపు మంచిది, తుప్పు పట్టదు, వంచడం తేలిక. బాంజో బోల్టు (హోస్ చివరను కాలిపర్‌కు పట్టించే, లోపల రంధ్రమున్న బోల్టు) విప్పిన ప్రతిసారీ వాషర్లు కొత్తవి వేయండి.

హోస్‌లను స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి, చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, మళ్ళీ పైకి లేపి చూడండి. కిందికి దించిన కారులో పొడవు ఎక్కువై టైరుకు రాసుకుంటాయి, ఎత్తు పెంచిన కారులో బిగుసుకుపోతాయి.

వేడి ఇంకో సమస్య. కొత్త ఎగ్జాస్ట్ హెడర్లు (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే పైపులు) పాత బ్రేక్ పైపు పక్కగానే వెళ్తుంటే, లేదా ఫ్లోర్ కింద మాస్టర్ సిలిండర్ పక్కనే సైలెన్సర్ పైపు ఉంటే, ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఉదయం బాగున్న పెడల్ ట్రాఫిక్‌లో అరగంట తర్వాత ఫ్లోర్‌కు పోతుంది, చల్లారాక మళ్ళీ వస్తుంది. గ్యారేజీలో ఎంత వెతికినా లోపం కనిపించదు, వేడిగా ఉన్నప్పుడే వెతకాలి. పైపు దారి మార్చండి, కుదరకపోతే రేకు అడ్డు పెట్టండి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. గాలిలోని తేమ పీల్చుకున్నాక అవి 140కి, 155కి పడిపోతాయి. అందుకే రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమంటారు. డాట్ 5 సిలికాన్ ఆయిల్‌ను మిగతా వాటితో కలపకూడదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ కాదు, 3, 4 కుటుంబానికే చెందినది. మీ కారులో ఏముందో తెలియకపోతే అంతా తీసి, పైపులు కడిగి కొత్తది పోయడమే సరైనది.

10. సరిచేశాక

ఒక్కసారి ఒక్క మార్పే చేయండి, చేసిన వెంటనే కాగితం మీద రాయండి. రెండు కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు, మళ్ళీ చెడినప్పుడు మొదటికి వస్తారు.

ఇంజిన్ నడుస్తుండగా బలంగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. ఆ సమయంలో ఇంకొకరు ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి తడి ఉందేమో చూడాలి. తర్వాత చదును నేల మీద నడక వేగంతో పదిసార్లు ఆపండి, హ్యాండ్ బ్రేక్‌తో విడిగా ఆపి చూడండి. అవి సరిగా ఉంటేనే ఖాళీ రోడ్డు మీదికి వెళ్ళండి. కొత్త ప్యాడ్లకు తయారీదారు చెప్పిన పద్ధతి ఉంటే అదే పాటించండి. లేకపోతే 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు తగ్గించి, తర్వాత పది నిమిషాలు బ్రేక్ ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కి పట్టుకుని నిలబడవద్దు, ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఒకే చోట అంటుకుపోతుంది.

తిరిగి వచ్చాక నాలుగు చక్రాల వేడి రాసుకోండి, కుడి ఎడమలు దగ్గరగా ఉండాలి. ఒక రాత్రి వదిలేసి ఉదయం రిజర్వాయర్ మట్టం, కారు కింద నేల చూడండి. 100 కిలోమీటర్లు తిరిగాక కాలిపర్ బ్రాకెట్ బోల్టులు, పైపు నట్లు, వీల్ నట్లు అన్నీ మళ్ళీ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూసి, ఒక్కోదాని మీద పెయింట్ గీత గీయండి. ఆ గీత జరిగితే ఈసారి చక్రం విప్పిన వెంటనే కంటికి కనిపిస్తుంది.